ఎదురింటి గాలి

1

ఏ బొగ్గుబాయిలోనైనా రూలు ఒకటే. యంత్రం మూత విప్పినవాడు చేసింది చేసినట్టు రాసి పెట్టాలి, తరవాత వచ్చేవాడు మళ్లీ మొదటి నుంచి తడుముకోకుండా. అందుకే రాస్తున్నాను.

నా పేరు సదానందం. పాడైపోతున్న హార్డ్‌డిస్కుల్లోంచి మిగిలిన డేటా బయటికి లాగడం, సిస్టమ్ మళ్లీ ఎక్కించడం నా పని. ఏడో తరగతిలో బడి మానేశాను. ఎవరూ తరిమేయలేదు, కూర్చోలేకపోయాను. ఇప్పుడూ ఎక్కడా కూర్చోను. ఎండు పుట్టగొడుగులు మోసే బండ్ల వరసతో పాటు ఒక బాయి నుంచి ఇంకో బాయికి పోతుంటాను. ఇక్కడ బండ్లు లోడయ్యేవరకే నా మకాం.

తెల్లారకముందే దిగాను. అయినా పైన ఇనుప రెయిలింగు పట్టుకోవడానికి చేతికి గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చింది. లిఫ్టు కిందికి వచ్చి ఆగగానే ఒకామె నా ముఖాన తడిగుడ్డ వేసి, నీళ్ల టోకెను చేతిలో పెట్టి, ముందు తిను, తరవాత చూద్దువు అంది. ఆమే భూలక్క, ఫ్యాను రూము చూసుకునే మనిషి. యాభై దాటి ఉంటాయి. జొన్నగట్క, పుట్టగొడుగుల పులుసు పెట్టింది. నేను తింటున్నంతసేపూ తను బాయిలో గాలి చూసే యంత్రం పక్కనే నిలబడి ఉంది.

"బతుకుతదా తమ్మీ?" అని అడిగింది, నేనింకా చెయ్యి కడుక్కోకముందే.

చెవి పెట్టి విన్నాను. డిస్కు టక్ టక్ అని కొట్టుకుంటోంది, చదవాల్సిన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి పోయి వచ్చేటప్పుడు చేసే చప్పుడు. సిస్టమ్ మాత్రం నడుస్తూనే ఉంది. మెమరీలో ఉన్నదాంతో నెట్టుకొస్తోందంతే. కొత్త కమాండు ఏదిచ్చినా డిస్కు దగ్గరికి పోయి అక్కడే ఇరుక్కుంటోంది. ఒక్కసారి ఆపితే మళ్లీ లేవదు. ఆపకుండా డిస్కు బయటికి తీయలేను. భూలక్కతో ఆ మాటే చెప్పాను.

2

పైన ఎండకు తట్టుకోలేక దిగిన జనానికి, బొగ్గు తవ్విన గల్లీల్లో ఇప్పుడు మూడు మట్టాలుగా ఇళ్లున్నాయి. పెద్ద ఫ్యాను పై నుంచి గాలి లాగుతుంది. ఏ గల్లీకి ఎంత పోవాలో దారిలో ఉన్న ఇనుప తలుపుల మీద ఆధారపడి ఉంటుంది. ఏ తలుపు ఎంత తెరవాలో యంత్రం చెబుతుంది. పైన ఎండ ముదిరే కొద్దీ గాలి నడక మారుతుంది, తలుపులూ మారాలి. మొదటి రెండు మట్టాలూ ఫ్యానుకు దగ్గర, ఎలాగోలా అందుతుంది. మూడో మట్టమే తిప్పలు.

బాయి పెద్ద మొగిలి వచ్చి ఇక్కడి కట్టుబాటు చెప్పాడు. వెనకటికి నాలుగో మట్టం అని ఒకటుండేదట. అందులో ఒక్క ఇంటికి గాలి అందక ముగ్గురు నిద్రలోనే పోయారు. అప్పటి నుంచి ఒక్క ఇంటికి అందకపోయినా ఆ మట్టమంతా ఖాళీ చేస్తారు. ఖాళీ చేసిన మట్టానికి పంపులు నడపరు, కరెంటు చాలదు. నాలుగో మట్టానికి దిగే మెట్లు ఇప్పుడు నల్లటి నీళ్లలోకి పోతాయి. ఎండలు ముదిరేలోపు యంత్రం లేవకపోతే మూడో మట్టానికీ అదే గతి. పై మట్టాల్లో చోటు లేదు కాబట్టి ఆ ముప్పై ఇళ్లవాళ్లూ బండ్లెక్కి, చోటు దొరికిన బాయికల్లా తలో దిక్కూ పోవాలి.

నాకది అంత పెద్ద విషయంలా అనిపించలేదు. నేను బతికేదే అలా. భూలక్క ఇల్లు మూడో మట్టంలోనే అని తరవాత తెలిసింది.

తలుపుకొక మనిషిని నిలబెట్టి, ఫ్యానును నేరుగా స్విచ్చుకు కలిపి, యంత్రం ఆపేశాం.

3

డిస్కు బయటికి తీశాను. దాని మూత కనిపించలేదు, బొట్లే కనిపించాయి. పసుపు, దాని మీద కుంకుమ, దాని మీద మళ్లీ పసుపు. ఏటా దసరాకు ఆయుధ పూజ చేసి, యంత్రం విప్పి, తుడిచి, లోపల ఒక్కో భాగానికీ బొట్టు పెడతారట. మిగతా భాగాలకు ఏమీ కాలేదు. డిస్కుకు మాత్రం మూత మీద ఒక సన్నటి బెజ్జం ఉంటుంది. లోపలి గాలి, బయటి గాలి సమానం కావడానికి అది ఊపిరి తీసుకునే చోటు. ఇక్కడ ఫ్యాను వేగం మారినప్పుడల్లా చెవులు దిబ్బళ్లు పడతాయి. బెజ్జం మూసుకుపోతే డిస్కు లోపల పళ్లెం మీద తేలుతూ తిరగాల్సిన సూది ఏదో ఒకనాడు పళ్లేన్ని గీకుతుంది. ఆ బెజ్జం పక్కన, దీన్ని మూయవద్దు అని ఇంగ్లీషులో రాసి, బాణం గుర్తు వేసి ఉంటుంది.

ఆ బాణం కొసనే, కొలిచినట్టు, బొట్టు.

భూలక్కకు చూపించాను. చాలాసేపు చూసింది.

"గీత గీసి బాణం పెట్టి మరీ చూపిస్తే, ఇంకేడ పెట్టాలె బొట్టు?" అంది. "కంపెనోడే జాగ చూపిచ్చిండు అనుకున్నం."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. తలుపుల సెట్టింగుల కాపీ దాచిన ఇంకో డిస్కు ఉండేదని, అది పోయినేడు ఇలాగే కొట్టుకుని కొట్టుకుని చచ్చిందని చెప్పింది. అల్మారాలో వాడని డిస్కు ఒకటుంది. దానికీ ఏడేళ్ల బొట్లున్నాయి. అది ఎప్పుడూ తిరగలేదు కాబట్టి బాగానే ఉంటుంది.

రెండిటినీ తలకిందులుగా పట్టుకుని, రాలింది లోపలికి కాకుండా నేల మీదికి రాలేట్టు, కుట్టుసూదితో బెజ్జం అంచులు గోకాను. భూలక్క లాంతరు పట్టుకుంది. కుంకుమ రాలుతున్నంతసేపూ ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. మొక్కుకుంటోందో, నన్ను తిడుతోందో అడగలేదు.

4

పాత డిస్కుకు ఊపిరి అందాక కొంత మారింది. టక్ టక్ తగ్గింది. గాలి లోపలికి వచ్చే దారిలో, చల్లగా ఉండే చోట, బల్ల వేసి దాన్ని అక్కడ పెట్టాను.

తరవాత వచ్చేవాడి కోసం: చస్తున్న డిస్కు మీద ఏదీ రాయకూడదు, బాగుచేసే ప్రోగ్రాములు దాని మీద నడపకూడదు. మొదట సులువుగా వచ్చేదంతా ఇంకో డిస్కు మీదికి కాపీ చెయ్యాలి, నేను నా సంచిలో ఉన్న డిస్కు వాడాను. మొండికేసిన చోటు దాటేసి ముందుకు పోవాలి. అంతా అయ్యాక వెనక నుంచి ముందుకు చదవాలి. అటు నుంచి రానిది ఇటు నుంచి వస్తుంది ఒక్కోసారి. దాటేసిన చోట్లకు చివరిసారిగా పోవాలి, ఎందుకంటే డిస్కు చచ్చేది అక్కడే.

ఈ పనిలో చేతులకు పనుండదు. చూస్తూ ఉండటమే. నాకు చేతకానిది అదే. మూడో మట్టం దాకా దిగి ఎక్కాను. మళ్లీ దిగాను. పుట్టగొడుగుల బస్తాలు మోస్తే కాళ్లకు పని దొరుకుతుందని మోశాను. భూలక్క మాత్రం డిస్కు పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. నేను తిరిగొచ్చిన ప్రతిసారీ, కాలు కాలిన పిల్లిలా ఏంది ఈ తిరుగుడు అనేది. ఆమె ఎన్నాళ్ల నుంచి ఈ రూములో ఉందో అడిగాను. తన పెళ్లప్పటి నుంచి అంది. మూడో మట్టం తలుపుల అంకెలు కంపెనీ ఇచ్చినవి కావట. ఏ పొద్దుకాపొద్దు, ఎవరింట్లో ఉక్కపోస్తోందంటే అటు కొంచెం జరిపి, ఇటు కొంచెం జరిపి కూర్చిందట.

ఆ అంకెలు గుర్తున్నాయా అని అడిగాను.

"కూరల ఉప్పు ఎన్ని గింజలు ఏసినవంటే చెప్తరా ఎవలన్న?" అంది.

5

పాత డిస్కు చచ్చింది. ఒక్కసారి కీచుమంది, తరవాత తిరగడం మానేసింది.

వచ్చినవి: మొదటి మట్టం తలుపుల సెట్టింగులు, పూర్తిగా. రెండో మట్టానివి, పూర్తిగా. పంపుల టైమింగులు. రానివి: సిస్టమ్ ఫైళ్లు, అవి ఎలాగూ కొత్తగా ఎక్కించాల్సినవే. మూడో మట్టం ఫైలు మాత్రం సగం కూడా రాలేదు. మొదటి రెండు మట్టాల ఫైళ్లను ఎప్పుడో ఒకసారి రాసి వదిలేశారు, అవి ఒక్కచోట కుదురుగా ఉన్నాయి. మూడో దాన్ని భూలక్క రోజూ మార్చింది. మార్చిన ప్రతిసారీ ఇంకో ముక్క ఇంకోచోటికి పోయి, ఫైలు డిస్కు అంతా చెల్లాచెదరై ఉంది. సూది గీకిన ప్రతిచోటా దాని ముక్క ఒకటి పోయింది.

ఇది ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పాను. ముట్టనివి దక్కినయి, చూసుకున్నది పోయింది, అంతేనా అని అడిగింది. అంతే అన్నాను. పీట తీసి గోడకు ఆనించి, వంట చేయడానికి పోయింది.

6

అల్మారాలోని డిస్కు మీద సిస్టమ్ కొత్తగా ఎక్కించాను. భాష అడిగింది, మట్టాలెన్ని అని అడిగింది, ఒక్కో మట్టానికి ఇళ్లెన్ని అని అడిగింది. దక్కిన సెట్టింగులు ఎక్కించాక మొదటి రెండు మట్టాలూ ఎప్పటిలా నడిచాయి. మూడోదానికి కంపెనీ అంకెలు తప్ప వేరే లేవు. అవి బొగ్గు తవ్వే రోజుల్లో ఖాళీ గల్లీల కోసం పెట్టినవి. వాటితో మొదలుపెట్టి చేత్తో సరిచేసుకోవాలి.

బండ్లవాళ్లు కబురంపారు. లోడు అయిపోవచ్చిందట. ఎండ ముదిరితే టైర్లు నిలవవు, ఇక ఆగలేమన్నారు.

7

మూడో మట్టంలో ఒకే గల్లీ, అటూ ఇటూ ఇళ్లు, ఒకచోట మాత్రం ఒక పెద్దింటికి ఎదురుగా రెండు చిన్నవి. ప్రతి గుమ్మానికీ పాత చీర పీలిక ఒకటి కట్టించాం. పీలిక ఊగితే గాలి వస్తున్నట్టు. నేను తలుపు దగ్గర, భూలక్క గల్లీ మధ్యలో. తలుపు కొంచెం తిప్పడం, ఎవరింటికి ఎలా వస్తోందో కేకేసి అడగడం, రాసుకోవడం.

మొదటి రోజంతా వృథా. అందరూ రాలేదనే చెప్పారు. పీలిక జెండాలా ఎగురుతున్న ఇంటివాళ్లు కూడా రాలేదనే. వచ్చిందంటే తమ గాలి కోసి పక్కింటికి ఇస్తారని భయం. ఒకావిడ పీలికను నీళ్లలో తడిపి కట్టింది, బరువుకు ఊగకుండా. భూలక్క ఆ పీలిక పిండి, నీళ్లు ఆవిడ గుమ్మంలోనే కార్చి చూపించింది. గొడవ చాలాసేపు నడిచింది. ఎవరి తాత ఎవరి ఇంటి గోడ ఎలా తవ్వాడో కూడా బయటికొచ్చింది.

రెండో రోజు భూలక్క పద్ధతి మార్చింది. ఎవరింటి గాలి వాళ్లు చెప్పకూడదు, ఎదురింటి గాలి చెప్పాలి.

"నీ ఇంట్ల ఏమొస్తున్నదో నాకొద్దు. ఎదురుంగ సూసి చెప్పున్రి. అబద్ధం చెప్తే ఎదురిల్లే మీ గురించి చెప్తది."

దాంతో పని నడిచింది. ఎదురింటికి కొంచెం గాలి వచ్చినా తుఫానులా చెప్పేవాళ్లున్నారు, కానీ రెండు వైపులా అలాగే చెబుతారు కాబట్టి సరిపోయింది. ఏళ్లుగా మాట్లాడుకోని రెండిళ్లున్నాయట. వాళ్లు కూడా ఒకరి పీలిక గురించి ఒకరు చెప్పక తప్పలేదు. గల్లీ చివరి దాకా ఇరవై తొమ్మిది ఇళ్లు కుదిరాయి.

ముప్పయ్యోది గల్లీ కొసన, గోడను ఆనుకుని ఉంది. దానికి ఎదురిల్లు లేదు. అందులో పోశం అనే ముసలాయన ఒక్కడే ఉంటాడు. పని చేసిన రోజుల్లో ఈ గల్లీ కొసను పగలగొట్టి ఇల్లుగా మలిచింది ఆయనే. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. పలకరిస్తే ఒక్కో మాటకూ ఆగుతాడు. గాలి ఎలా ఉంది అని కేకేస్తే, మస్తుగ వస్తున్నది అని వెంటనే కేకేశాడు.

రాని చోట వచ్చిందన్నవాడు ఈ మట్టంలో ఆయనొక్కడే.

8

పోయి చూశాను. పీలిక ఊగుతోంది, నిజమే. గుమ్మం ముందు నిలబడితే నా చెంపకు మాత్రం ఏమీ తగల్లేదు. పీలిక కొసకు సన్నటి దారం కట్టి ఉంది. దారం గోడ వెంట మంచం దాకా పోయి, పోశం కాలి బొటనవేలికి చుట్టి ఉంది. మంచం మీద పడుకుని వేలు ఆడిస్తున్నాడు.

నేను దారం చూడటం ఆయన చూశాడు. వేలు ఆడించడం మాత్రం ఆపలేదు.

"రాసుకో పోరడా," అన్నాడు. "ముప్పై ఇండ్లకు అందిందని రాసుకొని బండెక్కు. నీ బండి పోతది."

ఆయన పెదాలు ఒకలాంటి బూడిద రంగులో ఉన్నాయి. ఇలాగే ఉంటే రెండు నెలలు కూడా ఉండవు అన్నాను. నాకెందుకు అన్నట్టు చెయ్యి ఊపాడు. తన ఒక్కడి ఇల్లు లెక్కలో తప్పితే మొగిలి మట్టమంతా ఖాళీ చేయిస్తాడు. తన కోసం ఇంతమంది బండ్లెక్కి చెట్టుకొకరు పుట్టకొకరు అయితే, ఆ పాపం తనే మొయ్యాలా అన్నాడు. ఇవన్నీ ఒక్కసారిగా అనలేదు, మధ్యమధ్యలో ఊపిరి తీసుకుంటూ అన్నాడు. నేను నిలబడి విన్నాను. వెంటనే కదిలి పోవాలనిపించలేదు.

ఇది రాయాలా అని ఆలోచించాను. రాయకపోతే తరవాత మూత విప్పేవాడు ముప్పై ఇళ్లకూ గాలి అందుతోందనుకుంటాడు. అందుకే రాశాను. రాశానని ఆయనకే ముందు చెప్పాను. తిట్టాడు. మంచి తిట్లే తిట్టాడు.

9

తలుపులు మళ్లీ మళ్లీ తిప్పి చూశాం. చివరి ఇంటికి అందేట్టు తిప్పితే మధ్యలో ఆరిళ్లకు ఆగిపోతోంది. అవి సరిచేస్తే చివర ఆగిపోతోంది. భూలక్క పాత అంకెల్లో అందరికీ అందే లెక్క ఎక్కడో ఉంది, అది చచ్చిన డిస్కులో ఉంది. మళ్లీ అక్కడికి చేరడానికి ఆమెకు ఎన్నాళ్లు పడుతుందో ఆమెకే తెలియదు. ఎండ మాత్రం ఆగదు.

మొగిలి వచ్చి కట్టుబాటు మాట మళ్లీ ఎత్తాడు. గొంతు పెంచలేదు. పోయిన ముగ్గురిలో ఆయన తమ్ముడొకడని అప్పుడే విన్నాను.

గల్లీ అంతా పోశం గుమ్మం ముందు చేరింది. భూలక్క లోపలికి పోయి మంచం పట్టె మీద కూర్చుంది.

"బావా, నా ఎదురుంగ రాజవ్వ ఇంట్ల ఒక అర్ర ఖాళీ ఉన్నది. ఆడికి రా," అంది. "నువ్వు లేకుంటే ఇది ఇల్లు గాదు, ఒట్టి బొరియ. బొరియకు గాలి అక్కర లేదు. మొగిలి గూడ ఏమనడు."

ఈ గోడ తను చేత్తో కొట్టిన గోడ అన్నాడు పోశం. అవునంది. ఇక్కడే చస్తానన్నాడు. చావు గాని, నువ్వు చస్తే మేమందరం బండ్లెక్కాల్నా అని అడిగింది.

పోశం వేలికున్న దారం తెంపుకుని, "యంత్రంల నా ఇల్లు తీసెయ్యి," అని నాతో అన్నాడు. "బొట్లు పెట్టి డిస్కు సంపింది మీ భూలక్క, ఇల్లు పోయింది నాది."

భూలక్క నవ్విందో ఏడ్చిందో లాంతరు వెలుగులో సరిగా తెలియలేదు. మంచం మాత్రం తనే ఎత్తింది.

10

చివరి గుమ్మానికి, ఒకప్పుడు బొగ్గు మోసిన రబ్బరు బెల్టు ముక్క వేలాడదీసి, అంచులు మట్టితో మెత్తాం. సిమెంటు తెస్తే పోశం వద్దన్నాడు, మట్టితోనే కానియ్యమన్నాడు. మెత్తింది నేను. వెనక ముక్కాలి పీట మీద కూర్చుని, ఇట్లనా మెత్తేది, నీకెవడు పని నేర్పిండు అని తను తిట్టాడు. చివరికి లేచి వచ్చి, నేను మెత్తిన ఒక పక్కంతా గీకేసి మళ్లీ తనే మెత్తాడు. మధ్యలో మూడుసార్లు కూర్చున్నాడు.

మొగిలి ఇరవై తొమ్మిది గుమ్మాలూ ఒక్కొక్కటీ తిరిగి, ప్రతి పీలికకూ చెంప పెట్టి చూసి, మట్టం ఉంటుందని చెప్పాడు.

బండ్లు పోయాయి. వాటి చప్పుడు పైనుంచి వినిపించింది. అప్పుడు నా చేతులకు మోచేతుల దాకా మట్టి ఉంది. ఇంకో బండ్ల వరస వచ్చేది ఎండలు తగ్గాకే.

11

తరవాత మూత విప్పేవాడికి.

ఇప్పుడు నడుస్తున్న డిస్కు కాక, దాని కాపీ నా సంచిలోని డిస్కు మీద, పై మట్టంలో మొగిలి ఇంట్లో ఉంది. మూడో మట్టం ఫైలు రోజూ మారుతుంది కాబట్టి వారానికోసారి ఆ కాపీ మార్చాలి. దసరాకు బొట్టు యంత్రం బయటి ఇనుప డబ్బాకు పెడతామని భూలక్క ఒప్పుకుంది. అయినా ఒకసారి చూసుకోండి.

మూడో మట్టంలో ముప్పయ్యో ఇల్లు సిస్టమ్‌లోంచి నేను తీసెయ్యలేదు. మనుషులెవరూ లేరు, మూసి ఉంది అని పెట్టాను. మీరు కూడా తీసెయ్యకండి.

భూలక్క ఇప్పుడు రోజూ పొద్దున గల్లీలో నిలబడి ఎదురింటి గాలి అడుగుతోంది. అందరూ చెబుతున్నారు. పోశం రాజవ్వ గుమ్మంలో కూర్చుని భూలక్క ఇంటి పీలిక చూసి చెబుతాడు. ఇవాళ ఆయన వంతు వచ్చినప్పుడు, "దీనింట్ల మస్తుగ వస్తున్నది, దొంగముండ అంతా దానికే మలుపుకున్నది," అన్నాడు. "గింత కొస దిక్కు మలుపు."

తలుపు అటు మలిపాను. భూలక్క కొసనున్న పోశం ఇంటికి పోయి, బెల్టు మూల కొంచెం ఎత్తి, పీలిక పట్టుకుని నిలబడింది. పీలిక కదల్లేదు. తలుపు ఉన్నచోటికే తెచ్చి, పని చేయని ఆ అంకె కూడా రాసి పెట్టాను, రేపు దాని పక్క అంకె చూడటానికి.